నిశ్చితార్థము మొదలు ముహూర్తము వఱకు



తాంబూలములు పుచ్చుకొనిన నాటికిని తాళి కట్టు నాటికిని నడుమ నుండు దినములు మన దేశమున మిక్కిలి విచిత్రమైనవి. పెండ్లి యెవరిదో వారికి తప్ప తక్కినవారి కందఱికిని ఆ దినములలో పని యుండును. తండ్రి అప్పునకై తిరుగును. తల్లి పసుపు కొట్టించును, చీరలు లెక్కించును. మేనమామ వంటవానిని, పందిరివానిని కుదుర్చును. పురోహితుడు పంచాంగము విప్పును. వధూవరులు మాత్రము, తమకై సిద్ధమగుచున్న వేడుకకు తామే చుట్టములైనట్లు, రవికె కొలతలకును ఛాయాపటములకును పిలిచినపుడు వచ్చి నిలుచుందురు. పెనుబల్లి సీమలో నిశ్చితార్థము జరిగి ముహూర్తమునకు ఎదురుచూచుచున్న అట్టి యువతీయువకులతో మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి. పెద్దలు వినిన సంతోషింతుము. కాని మా మాటలు వారికొఱకు కావు, మీకొఱకు.

మన వివాహవిధిలో ఒక ప్రతిజ్ఞ గలదు. ధర్మమునందును అర్థమునందును కామమునందును ఈమెను అతిక్రమింపనని వరుడు ఈశ్వరుని యెదుట పలుకును. ఈ మూడింటిలో నడుమనున్న మాటపై మీరు ఒక్క నిమిషము మనస్సు నిలుపుడు. అర్థమనగా ధనము. ధనవిషయమున నిన్ను మోసగింపను, నిన్ను విడిచి నడువను అని అతడు చెప్పుచున్నాడు. ఎప్పుడు చెప్పుచున్నాడు? ఆ ముందునాడే ఆమె తండ్రి లక్షలు ఎంచి అతని తండ్రి చేతిలో పెట్టిన పిమ్మట! ఆ ఎంచునపుడు వధువు అచ్చట లేదు. ఎంత యిచ్చిరో ఆమెకు తెలిసినను ఏ వడ్డీకి తెచ్చిరో తెలియదు. వరుడు పెరటిలో స్నేహితులతో మాటలాడుచున్నాడు. ఇట్టి దినమునకు మఱునాడు పలికిన ప్రతిజ్ఞను పరమేశ్వరుడు ఏ చెవిని వినవలెను?

మేము సామాన్యముగ మాటలాడుట లేదు, ఈ సీమ సంగతియే చెప్పుచున్నాము. పెనుబల్లి ఖమ్మము జిల్లాలో, ఖమ్మము నుండి సత్తుపల్లికి పోవు దారికి చేరువన నున్నది. దక్షిణముగ కొద్దిదూరము పోయిన ఆంధ్రప్రదేశమునందలి తిరువూరు. మఱియొక దిక్కున అడవి మొదలై కొత్తగూడెము మీదుగ భద్రాచలము వఱకు ప్రాకును. లంకాసాగరము క్రింద వరి, మెట్టనేలలలో పత్తి, మిరప, మామిడి, ఇటీవలి యేండ్లలో ఆయిల్‌పామ్ తోటలు, ఇవి యిచ్చటివారి జీవనము. పెండ్లి ముహూర్తములను పంచాంగము నిర్ణయించునని చెప్పుదురు గాని పంటయే నిర్ణయించునని మా తలంపు. మాఘ ఫాల్గుణములలో మిరపకాయ కల్లమునకు వచ్చును. బస్తాలు ఖమ్మము మార్కెట్టునకు పోవును. ఆ సొమ్ము చేతికి వచ్చునన్న నమ్మకముతోనే లగ్నపత్రిక వ్రాయింతురు. 2021వ సంవత్సరమున నల్ల తామరపురుగు ఈ జిల్లా మిరపతోటల పూతను తినివేసినపుడు ఆ నమ్మకము ఏమయ్యెనో ఇచ్చటివారు మఱచి యుండరు. పురుగు ముహూర్తము చూచుకొని రాదు. ఐనను వ్రాయించిన పత్రిక ఆగదు, పందిరి ఆగదు, ఒప్పుకొన్న కట్నము ఆగదు. కావున కమీషను వ్యాపారి యొద్దకు పోవుదురు, వచ్చు పంట అతనికే తోలుదుమని మాటయిచ్చి తెత్తురు. లేదా పట్టాదారు పాసుపుస్తకము తాకట్టు పెట్టుదురు.

ఒక లెక్క వేయుదము. ఆడుపిల్ల తండ్రి అయిదు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొనుడు. మన యూళ్లలో దీనిని దయగల వడ్డీ యందురు. నెలకు 10,000 రూపాయలు వడ్డీ యగును, సంవత్సరమునకు 1,20,000. యాబది నెలలు, అనగా నాలుగేండ్ల రెండు మాసములు, తప్పక కట్టుచు పోయిన యెడల అయిదు లక్షల వడ్డీ కట్టినవాడగును, అసలు మాత్రము తెచ్చిన నాటివలెనే చెక్కుచెదరక యుండును. అప్పటికి కూతునకు బిడ్డ పుట్టి అంగన్‌వాడీకి పోవుచుండును. ఆ బిడ్డను ఎత్తుకొని పండుగకు పుట్టింటికి వచ్చిన కూతునకు తండ్రి చీర పెట్టవలెను గదా, దానికి మరల చేబదులు. అల్లుడు ఆ చీరను చూచి, "మీ అయ్యకు మేమన్న లెక్క లేదు" అనును. ఆ మాట అనుటకు ముందు అతడు ఈ యాబది నెలల లెక్కను ఒక్క మారైనను కాగితముపై వేసి చూచెనా? చూచియుండినచో అట్టి మాట అతని నోట వచ్చునా?

చైత్రశుద్ధ నవమినాడు భద్రాచలమున సీతారాముల కల్యాణము జరుగును. ప్రభుత్వము పట్టువస్త్రములను, ముత్యాల తలంబ్రాలను సమర్పించును. పెనుబల్లి, సత్తుపల్లి, కల్లూరు ప్రాంతములనుండి జనులు ఎండనక పోయి కన్నులార చూచి, ఆ తలంబ్రాలు కొంగున ముడివేసికొని వచ్చి, తమ యింటి పెండ్లి తలంబ్రాలలో కలుపుకొందురు. మేము ఆ భక్తిని ఎగతాళి చేయము. కాని ఆ గుడి కట్టించినవాని కథను కూడ మీరు తెచ్చుకొనవలెనని మా కోరిక. కంచెర్ల గోపన్న ఈ జిల్లాలోని నేలకొండపల్లివాడు. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానాషా కాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారై, సర్కారునకు పోవలసిన శిస్తు సొమ్ముతో రామునికి ఆలయము కట్టించి, నగలు చేయించి, గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు బాధపడెనని ప్రసిద్ధి. చెరలో నుండి పాడిన ఒక కీర్తనలో అతడు ఏ నగకు ఎంతయ్యెనో స్వామికే లెక్క అప్పజెప్పినాడు. భక్తుడు గదా, లెక్క యేల అని అనుకొనలేదు. సొమ్ము తనది కాదని అతడు ఎఱుగును. దేవుని యింటికై వాడిన పరుల సొమ్మునకే అంత బాధ కలిగినపుడు, మూడు దినముల షామియానాకును, డీజే మ్రోతకును, డ్రోనుతో తీయించు ఛాయాచిత్రములకును వాడిన పరుల సొమ్మునకు విముక్తి యెచ్చట?

ఇక కట్నము. దీనినిగూర్చి విని విని మీ చెవులు తడికెలైనవని మే మెఱుగుదుము. అయినను ఈ సీమలో ఒక సంగతి గలదు, దానిని చెప్పక తప్పదు. అడవి యంచున నున్న కోయ కుటుంబములలో పూర్వాచారము ప్రకారము వరునివైపువారే వధువు తలిదండ్రులకు ఓలి యిచ్చుదురు. పెంచిన బిడ్డను పంపుచున్న యింటికి చెల్లించు మర్యాద యది. దానిలోను దోషము లేకపోలేదు. ఓలి యిచ్చుకొనలేక అప్పుపడిన మగవారును గలరు. గురజాడ అప్పారావుగారు 1892లో ఆడించి 1897లో అచ్చువేయించిన నాటకము కన్యను అమ్ముకొను ఆచారముమీదనే గదా పుట్టినది! కాని నాగరికులమనుకొను వారము మైదానమునుండి అడవి యంచునకు ఏమి పట్టుకొనిపోయితిమి? బడిని, బస్సును పట్టుకొనిపోయితిమి, వానివెంటనే వరకట్నమును కూడ పట్టుకొనిపోయితిమి. కోయవారి పిల్లవానికి ఉద్యోగము వచ్చినచో అతని యింటివారును నేడు "ఏమి పెట్టెదరు?" అని అడుగ నేర్చుకొనిరి. ఒక జాతికి లేని పాపమును మనము బోధించితిమి. దీనికి సిగ్గుపడవలసినది ఎవరు?

కట్నమునకు పెద్దలు చెప్పు సమర్థన యొకటి గలదు, అది పైకి న్యాయముగనే కనబడును. "కొడుకునకు పొలము వచ్చును, కూతునకు ఏమి వచ్చును? పసుపుకుంకుమ క్రింద ఇచ్చినది ఆమె వాటాయే గదా!" అని. ఒకనాటికి ఇది కొంత నిజము. నేడు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండియే అవివాహితయగు కూతునకు కొడుకుతో సమముగ ఉమ్మడి యాస్తిలో హక్కు గలదని చట్టము వచ్చినది. కూతునకు వాటా లేకపోవుటయే కట్నమనెడి దురాచారమునకు మూలమని ఆ చట్టపు పీఠికలోనే చెప్పిరి. 2005లో ఆ హక్కు దేశమంతటికిని వచ్చినది. కావున సోదరీ, నీ వాటా నీకున్నది. అన్నకు చదువు చెప్పించిరి, నాకేమి పెట్టిరి అని నీ మనస్సులో ఒక మూల నున్న ప్రశ్న అన్యాయమైనది కాదు. పట్టుచీర వలెనని, నగ వలెనని నీవును అడిగియుండవచ్చును, అడుగకున్న ఇంక దొరకదన్న భయముతో అడిగియుందువు. ఇచ్చువారు ఇయ్యదలచిన యెడల అర యెకరమైనను నీ పేర రిజిస్ట్రారు యెదుట వ్రాసి యిత్తురుగాక. నీ పేరనున్న పొలము నీ వాటా. మామగారి పెట్టెలోనికి పోయిన నోట్ల కట్ట నీ వాటా కాదు, అది నిన్ను తీసికొనిపోవుటకు వారు పుచ్చుకొనిన కూలి.

1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టము కట్నము పుచ్చుకొనువానిని, ఇచ్చువానిని ఇరువురిని నేరస్థులనే చెప్పుచున్నది. 1980ల సవరణల తరువాత శిక్ష అయిదేండ్లకు తక్కువ కాని చెఱ, 15,000 రూపాయలకుగాని కట్నపు విలువకుగాని ఏది ఎక్కువయైన దానికి తగ్గని జరిమానా. ఇవి చాలమంది విన్నవే. ఎవరును వినని భాగము ఒకటి గలదు. వధువునకు తప్ప వేఱొకరి చేతికి కట్నము పోయియుండినచో, పెండ్లియైన మూడు మాసములలో దానిని ఆమెకే అప్పగింపవలెను. మఱియు 1985లో చేసిన నియమముల ప్రకారము, అడుగకుండ ఇచ్చిన కానుకలకు పట్టిక వ్రాయవలెను. వధువునకు వచ్చినవి వధువు యొద్దను, వరునికి వచ్చినవి వరుని యొద్దను. ఏ వస్తువు, ఇంచుమించు వెల యెంత, ఇచ్చినవారెవరు, వారు చుట్టములైనచో ఏ వరుస, ఇంత వ్రాసి, ఇరువురును చేవ్రాలు చేయవలెను.

పెండ్లి సామానుల పట్టిక వ్రాయని యిల్లు లేదు. బియ్యము ఎన్ని బస్తాలు, విస్తళ్లు ఎన్ని, బెల్లమెంత యని గోడమీదనైనను వ్రాసికొందురు. కాని చట్టము అడిగిన ఈ పట్టికను వ్రాసిన యింటిని మా యెఱుకలో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఎందువలన? తెలియక కొందఱు. తెలిసినవారు, వ్రాసిన యెడల బయటపడునని. మేము మీకు చెప్పదలచిన ముఖ్యవిషయమునకు ఇప్పుడు వచ్చితిమి. నిశ్చితార్థమైన వారములోనే మీరిరువురు ఒక నోటుపుస్తకము తెఱవుడు. రెండు కుటుంబముల నడుమ ఇచ్చిపుచ్చుకొను ప్రతి వస్తువును, ప్రతి రూపాయిని, తెచ్చిన ప్రతి అప్పును, దాని వడ్డీని అందులో వ్రాయుడు. ఆడపడుచు కట్నము వ్రాయుడు. వియ్యపురాలి పట్టుచీర వ్రాయుడు. బండి వ్రాయుడు. ఏదైనను వ్రాయుటకు చేయి వెనుదీసినచో, పెద్దలు "అది వ్రాయవద్దు" అనినచో, దానిని పుచ్చుకొనవద్దు. ఇందులకు శాస్త్రజ్ఞానము అక్కఱలేదు, న్యాయవాది అక్కఱలేదు. నాలుగణాల పెన్సిలు చాలునని పూర్వమందురు, నేడు పది రూపాయల కలము చాలును.

సోదరా, ఇది నీకు కష్టము. "నేనడుగలేదు, అంతయు మా పెద్దలు చూచుకొందురు" అనుట నీకు సులభము. తలిదండ్రులయందు వినయమే యది యని నీవు నమ్ముచుండవచ్చును. కాని కళాశాలలో ఏ పాఠము చదువవలెనో, హైదరాబాదున ఏ కొలువు చేయవలెనో, చేతిలోని ఫోను ఏ కంపెనీదై యుండవలెనో నీవే నిర్ణయించుకొంటివి. ఆ వినయము కట్నము దినముననే నీకు వచ్చుట మాకు ఆశ్చర్యము. ఒక్క సాయంకాలము తండ్రియెదుట కూర్చుండి, "అయ్యా, వారి పొలముమీద అప్పు తెచ్చిన సొమ్ముతో నేను సంసారము మొదలుపెట్టలేను" అని చెప్పుము. అతడు కోపించును. చెల్లెలి పెండ్లికి మనము ఇచ్చినది ఎచ్చటనుండి వచ్చును అనును. ఆ ప్రశ్న నిజమైనదే, దానికి నీ యొద్ద జవాబుండవలెను. నా సంపాదనలో సంవత్సరమునకు ఇంత చొప్పున ఆ అప్పు నేను తీర్చెదనని చెప్పగలవా? చెప్పలేనివాడవైతివా, నీ అప్పును ఒక అపరిచితుడైన రైతు చేత తీర్పింపజూచుచుంటివి. అతని కూతురు నీ భార్య.

2014 అక్టోబరు 2వ తేదీ నుండి తెలంగాణ ప్రభుత్వము కల్యాణలక్ష్మి యను పేర బీదయింటి ఆడుపిల్ల వివాహమునకు 51,000 రూపాయల సాయము మొదలుపెట్టినది. 2018 నాటికి అది 1,00,116 రూపాయలయ్యెను. పదునెనిమిదేండ్లు నిండిన పిల్లకు మాత్రమే యిచ్చుదురు గనుక, ఆ సొమ్ముకొఱకైనను పిల్ల పెండ్లిని ఆపినవారు కొందఱున్న యెడల మంచిదే. కాని ఆ సొమ్మును ముందుగనే కట్నపు లెక్కలో కలిపి బేరమాడువారిని కూడ విన్నాము. బీదకు ఇచ్చిన భిక్షను దారిలో కాచి పుచ్చుకొనువానిని ఏ పేరు పెట్టి పిలువవలెనో మాకు తెలియదు.

వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ యింట మొదటి వితంతు వివాహము జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ యను బాలవితంతువు. ఈ పెండ్లి మాట వినగనే ఊరు భగ్గుమన్నది. బంధువులు దూరమైరి, వంటవారు రారైరి, నీళ్లు తెచ్చువారు మానిరి. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీరు మోసి తెచ్చి, తామే వండి వడ్డించిరి. విద్యార్థులు తోడు నిలిచిరి. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. చరిత్రలో ఆ పెండ్లిని గొప్ప సంస్కారమని వ్రాయుదురు, నిజమే. మేము దానిని వేఱొక కంటితో కూడ చూతుము. ఆ యేర్పాట్లలో లేనివి ఎన్ని! పిలువగనే వచ్చు చుట్టములు లేరు, ఊరి మెప్పు లేదు, వంటశాల సైతము సరిగ నడువలేదు. ఉన్నదేమన, అది ఏల చేయుచున్నామో తెలిసిన నలుగురు. తెలుగుదేశమున అన్ని యేర్పాట్లతో జరిగిన పెండ్లిండ్లు ఆ యేడు ఎన్నో జరిగియుండును, వాని భోజనములలో ఏమి వడ్డించిరో నేడు ఎవరికి తెలియును? నీ పెండ్లికి వచ్చినవారు "పప్పులో ఉప్పు తక్కువ" అని పోవుదురేమో యని నిద్రలేక వేగు తల్లికి రాజ్యలక్ష్మమ్మగారి బిందెను జ్ఞాపకము చేయవలెనని మాకు తోచును.

మంచి మాటలు చెప్పువారు అందఱును సమయము వచ్చినపుడు నిలువలేదని కూడ చెప్పకుండుట మోసమగును. కలకత్తాలో కేశవచంద్రసేనుడు బ్రహ్మసమాజ వివాహములకు చట్టము కావలెనని ఏండ్లతరబడి పాటుపడి 1872లో దానిని సాధించెను. ఆ చట్టము కన్యకు పదునాలుగేండ్లు, వరునికి పదునెనిమిదేండ్లు నిండవలెనని విధించినది. ఆరేండ్లు గడచెను. కూచ్‌బిహారు సంస్థానాధిపతికి ఆయన కూతురు సునీతిని అడుగవచ్చిరి. పిల్లకు పదునాలుగు నిండలేదు, వరునికి పదునెనిమిది నిండలేదు. 1878 మార్చిలో వివాహము జరిగిపోయినది. సమాజము రెండుగ చీలి, ఆ మే మాసముననే సాధారణ బ్రహ్మసమాజము వేఱుగ ఏర్పడినది. కేశవుని మహత్త్వమును తగ్గించుటకు మేము ఇది చెప్పుట లేదు. రాజ్యము గల సంబంధము చేజారునేమో యను భయము అంతటివానిని సైతము కదలించినపుడు, అమెరికా కొలువుగల సంబంధము చేజారునేమోయను భయము పెనుబల్లిలోని రైతును కదలించుట వింతయా? కావుననే సంబంధము కుదిరిన తరువాత కాదు, కుదురుటకు ముందే తమ నియమములను నలుగురియెదుట చెప్పుకొనవలెను. మీకు ఆ ముందు గడచిపోయినది. మీ తమ్ములకు, చెల్లెండ్రకు గడువలేదు.

జాతకములు పొంతన చూపించిరి. రక్తము పొంతన చూపించితిరా? మన తెలుగువారిలో మేనరికములు, అక్క కూతునిచ్చి చేయుటలు పూర్వమునుండి గలవు. దగ్గఱి రక్తసంబంధము గలవారికి పుట్టు బిడ్డలలో వంశపారంపర్య రోగములు బయటపడు అవకాశము హెచ్చు. గిరిజన కుటుంబములలో కొడవలి కణ రోగము గలదు. దానిని నిర్మూలింపవలెనని 2023 జూలై 1న కేంద్రప్రభుత్వము ఒక ఉద్యమమే మొదలుపెట్టినది. తలసేమియా యను మఱియొక రక్తరోగము గలదు, అది పట్టిన బిడ్డకు కొద్దివారముల కొకమారు పరుల రక్తము ఎక్కింపవలెను. తలిదండ్రు లిరువురును ఆ లక్షణమును లోపల దాచుకొన్నవారైన యెడల, పైకి ఆరోగ్యవంతులే యైనను, పుట్టు ప్రతి బిడ్డకును నాల్గింట ఒక పాలు రోగము వచ్చు అవకాశము గలదు. ముందుగ తెలిసికొనుటకు ఒక చిన్న రక్తపరీక్ష చాలును. "పెండ్లికి ముందు రక్తపరీక్షయా, మా పిల్లమీద అనుమానమా?" అని వియ్యంకులు అలుగవచ్చును. ఇరువురును ఒకేదినమున, ఒకే ఆసుపత్రికి కలిసి పోయి చేయించుకొన్నచో అలుకకు చోటుండదు. పట్టుబట్టల దుకాణమునకు రెండు కుటుంబములు కలిసి పోవుచున్నవి గదా.

ఇతర విషయములు మీరే మాటలాడుకొనగలరు. పెండ్లి పిదప ఆమె చదువు సాగునా, కొలువు సాగునా, ఆమె జీతము ఎవరి చేతికి వచ్చును, ముసలితనమున ఆమె తలిదండ్రులను చూచువారు లేనిచో ఎవరు చూతురు, ఇవి సిగ్గుపడి దాచుకొన్న ప్రశ్నలు. రాత్రులందు ఫోనులలో గంటలకొలది ముచ్చటించుకొనుచున్నారని పెద్దలు విసుగుకొందురు. మేము విసుగుకొనము. ఆ గంటలలో ఒక గంట ఈ ప్రశ్నలకు ఇయ్యుడని మాత్రము అడుగుచున్నాము. అబద్ధమాడి సంబంధము కుదుర్చుకొనిన పెద్దలు లోకమున గలరు. జీతము హెచ్చించి చెప్పుదురు, రోగము దాతురు, పాత అప్పు దాతురు. ఆ అబద్ధమును మీరు ముహూర్తమునకు ముందే ఒకరికొకరు విప్పిచెప్పుకొన్నచో ఒకవేళ పెండ్లి ఆగవచ్చును. ఆగిన పెండ్లి నలుగురిలో నగుబాటని భయపడుదురు. భయపడి కట్టించిన తాళుల కథలు న్యాయస్థానములలో కట్టలు కట్టలుగ నున్నవి.

ఇక పెండ్లిదినము. దానినిగూర్చి చెప్పవలసినది స్వల్పము. 1955 నాటి హిందూ వివాహ చట్టము, సప్తపది ఆచారముగ గలవారికి ఏడవ యడుగుతో వివాహము సంపూర్ణమగునని చెప్పినది. పందిరినిగాని, విందునుగాని అది పేర్కొనలేదు. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పున, వివాహము ఆటపాటలకును తిండి తాగుళ్లకును, ఒత్తిడిచేసి కట్నకానుకలు పుచ్చుకొనుటకును ఏర్పడిన సందర్భము కాదని యువజనులను హెచ్చరించి, తగిన కర్మ జరుగక కేవలము పత్రము పుచ్చుకొన్నచో హిందూ వివాహము కానేరదని కూడ చెప్పినది. కావున ఆ యేడడుగులకు తీరిక యిండు. పురోహితుని ముందుదినమున కలిసి, ప్రతి మంత్రమునకు తెలుగున అర్థము చెప్పుమని వేడుడు. చెప్పగలవాడు సంతోషించును. తెలుగుననే వివాహము జరుపుటకై త్రిపురనేని రామస్వామి చౌదరిగారు వివాహవిధి యను గ్రంథమునే కూర్చిరి, దానినిగాని అట్టి మఱియొకదానినిగాని అనుసరింపదలచినవారు పెద్దలతో ముందే చెప్పవలెను, పీటలమీద తగవు పనికిరాదు. విందు ఎంతమందికి పెట్టగలరో అంతమందికే శుభలేఖలు వేయించుడు. అడవి దిక్కునుండి వచ్చు కూలివారిని, పొలమున మిరప ఏరినవారిని పిలువుడు, చుట్టముల పంక్తిలోనే కూర్చుండబెట్టుడు. పెండ్లి సొమ్ము వారి చేతులమీదుగనే వచ్చినది.

కులము వేఱైన, మతము వేఱైన, లేక కర్మకాండ వలదనుకొన్న జంటలకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము గలదు. ఇరువురిలో ఒకరైనను ముప్పది దినములుగ నివసించు జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇయ్యవలెను. మఱి ముప్పది దినములు ఎవరైనను ఆక్షేపణ తెలుపుటకు గడువు. ఆ పిమ్మట, ముగ్గురు సాక్షుల యెదుట, తమకు తెలిసిన భాషలో ఒకరినొకరు భార్యగ, భర్తగ అంగీకరించుచున్నామని నోట పలికి చేవ్రాలు చేయవలెను. ఏ విధమున చేసికొన్నను వివాహమును తప్పక నమోదు చేయింపవలెనని మన రాష్ట్రమున 2002 నాటి చట్టము విధించుచున్నది. తలంబ్రాలు పోసికొన్న వారములోనే ఆ పని ముగించుడు. వాయిదా వేసినవారు బిడ్డ పుట్టిన పిదప, విదేశమునకు కాగితములు కావలసివచ్చినపుడు పరుగులెత్తుచున్నారు.

సాక్షులుగ ఎవరిని తీసికొనిపోవలెనని మీరు అడుగుదురు. సామాన్యముగ ఆ పూట ఖాళీగనున్న మిత్రులను బండిమీద ఎక్కించుకొని పోవుచున్నారు. అట్లు చేయవద్దు. అయిదేండ్లకో పదేండ్లకో మీ యింట మాట పెరిగి, ఆమె పుట్టింటికి పోదునని మూట కట్టిన రాత్రి, ఏ యిద్దఱు ముగ్గురు వచ్చి మీ గడపలో కూర్చుండి ఇరుపక్షములను వినగలరో, మొన్నటి నోటుపుస్తకములోని చేవ్రాలును మీ కన్నులయెదుట పెట్టగలరో, వారిని ఇప్పుడే ఎంచుకొని, ఆ కాగితముపై వారి పేరు వ్రాయించుడు.